చావు కబురు చల్లగా చెప్పే గీతలు

1996 అక్టోబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో జగత్ నరూలా, ఆయన సహచరులు ఒక పత్రం ప్రచురించారు. గుండె మార్పిడి చేయించుకున్న రోగుల పాత గుండెలను పలచని పొరలుగా కోసి, సూక్ష్మదర్శిని కింద పెట్టి చూశారు. వాటిలో కండర కణాలు తమను తామే చంపుకుంటున్నాయని, అంటే అపోప్టోసిస్ జరుగుతోందని తేల్చారు. కొన్ని గుండెల్లో అలాంటి కణాల లెక్క మూడో వంతు దాకా వెళ్లింది. ఆరు నెలలకు అదే పత్రికలో ఒలివెట్టి బృందం పత్రం వచ్చింది. అలాంటి గుండెలే, ఇంచుమించు అదే పరీక్ష. వీళ్లకు మాత్రం చస్తున్న కణాలు వెయ్యికి రెండో మూడో కనిపించాయి. ఆరోగ్యంగా ఉన్న గుండెతో పోలిస్తే అదే 232 రెట్లు ఎక్కువన్నారు.

ఈ రెండిటిలో దేన్ని నమ్మాలన్నది కాగితం మీదే కొంతవరకు తేల్చవచ్చు. అపోప్టోసిస్ మొదలైన కణం గంటల్లో, మహా అయితే ఒకటి రెండు రోజుల్లో ఆనవాలు లేకుండా పోతుందని అంచనా. ఎప్పుడు చూసినా మూడో వంతు కణాలు చస్తూనే కనిపించే గుండె వారం తిరక్కుండా ఖాళీ అయిపోవాలి. ఆ రోగులేమో దాత గుండె దొరికేదాకా బతికే ఉన్నారు. కాబట్టి పరీక్షే ఏదో అదనంగా లెక్కబెట్టిందనుకోవడం సబబు.

అలాగని చిన్న అంకెను చూసి ఊరట చెందడానికి లేదు. 2003లో న్యూయార్క్‌లోని ఆల్బర్ట్ ఐన్‌స్టైన్ వైద్య కళాశాలలో రిచర్డ్ కిట్సిస్ బృందం, గుండె కండర కణాల్లో మాత్రమే చావు మీట నెమ్మదిగా నొక్కుకునేలా ఎలుకలను తయారుచేసింది. వాటి గుండెల్లో చస్తూ కనిపించిన కణాలు లక్షకు 23. మామూలు ఎలుకల్లో లక్షకు ఒకటిన్నర. ఆ 23 చాలు, కొన్ని నెలల్లో గుండె ఉబ్బి ఎలుకలు చనిపోయాయి. దెబ్బతిన్న మనిషి గుండెల్లో ఈ లెక్క లక్షకు 80 నుంచి 250 దాకా ఉంటుందని ఆ బృందమే గుర్తుచేసింది. పోయిన కణానికి బదులు కొత్తది దాదాపు రాకపోవడమే ఇక్కడ అసలు చిక్కు. 2009లో స్వీడన్‌లో యోనాస్ ఫ్రీసెన్ బృందం కట్టిన లెక్క ప్రకారం పాతికేళ్ల వయసులో గుండె కండర కణాలు ఏడాదికి ఒక శాతం కొత్తవి వస్తాయి, 75 ఏళ్లు వచ్చేసరికి అది 0.45 శాతానికి పడిపోతుంది. గాలిలో జరిపిన అణుబాంబు పరీక్షల వల్ల పెరిగిన కార్బన్-14 కణాల డీఎన్ఏలో చేరి వాటి పుట్టిన సంవత్సరాన్ని నమోదుచేసి పెట్టింది కాబట్టి ఈ లెక్క సాధ్యమైంది. అణ్వాయుధాల వల్ల గుండె శాస్త్రానికి జరిగిన మేలు బహుశా ఇదొక్కటే.

ప్రయోగశాలలో వెతుకుతున్నది లక్షలో ఇరవై నుంచి రెండు వందల యాభై కణాలను అన్నమాట. ఈ అంకెను పక్కన పెట్టుకుని చదివితే, గుండెలో చావు ప్రోటీన్లను పట్టుకున్నామని చెప్పే పత్రాలు వేరుగా కనిపిస్తాయి.

ఇంతకీ ఆ ప్రోటీన్లేమిటి? 1980ల నడుమ ఒక రకం లింఫోమా రోగుల క్రోమోజోముల్లో బీసీఎల్-2 అనే జన్యువు బయటపడింది. క్యాన్సర్‌లో దొరికింది కనుక, కణాన్ని విభజించమని తొందరపెట్టే రకమే అయ్యుంటుందని అనుకున్నారు. 1988లో మెల్‌బోర్న్‌లో డేవిడ్ వాక్స్, సుజాన్ కోరీ, జెర్రీ ఆడమ్స్ దాని పని వేరని చూపించారు. కణం విభజనతో దానికి నిమిత్తం లేదు, చావాల్సిన కణాన్ని చావనివ్వదు, అంతే. 1993లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో స్టాన్లీ కోర్స్‌మెయర్ ప్రయోగశాల, బీసీఎల్-2ను అంటిపెట్టుకుని తిరిగే బ్యాక్స్ అనే మరో ప్రోటీన్‌ను పట్టుకుంది. దీని పని సరిగ్గా ఎదురు. మామూలుగా బ్యాక్స్ కణద్రవంలో ఊరికే ఉంటుంది. చావు సంకేతం అందితే మైటోకాండ్రియా దగ్గరికి చేరి పైపొరకు కన్నాలు పెడుతుంది. ఆ కన్నాల్లోంచి సైటోక్రోమ్-సి బయటికి కారుతుంది. శ్వాసక్రియలో ఎలక్ట్రాన్లు మోస్తూ బుద్ధిగా బతికే ఈ ప్రోటీన్‌కు చావులోనూ చెయ్యి ఉందని 1996లో షావోడాంగ్ వాంగ్ బృందం బయటపెట్టింది. బయటికొచ్చిన సైటోక్రోమ్-సి, ఎపాఫ్-1 అనే ప్రోటీన్‌తో కలిసి కాస్పేజ్-9 అనే ఎంజైమును లేపుతుంది. అది కాస్పేజ్-3ను కోసి లేపుతుంది. ఆ తరువాత కాస్పేజ్-3 కణంలోని వందలాది ప్రోటీన్లను తెగనరుకుతుంది.

ఎదిగిన గుండె ఈ సరంజామాను చాలామటుకు అటకెక్కించేసింది. గుండె కండర కణాల్లో ఎపాఫ్-1 అరకొరగానే ఉంటుంది. 2017లో సరోసియెక్, లెటాయ్ బృందం ఎలుకల్లో చూపించినదేమిటంటే, పుట్టిన కొత్తలో గుండె, మెదడు కణాలు చిన్న ప్రేరణకే చావడానికి సిద్ధంగా ఉంటాయి, పెద్దయ్యాక ఎంత పొడిచినా అపోప్టోసిస్‌కు ఒప్పుకోవు. బ్యాక్స్ లాంటి ప్రోటీన్ల మోతాదు అప్పటికి బాగా తగ్గిపోతుంది. క్యాన్సర్ మందులకు పసిపిల్లల గుండె ఎక్కువగా దెబ్బతినడానికి ఇదొక కారణమని వాళ్ల వాదన.

ఇంకో షరతు కూడా ఉంది. అపోప్టోసిస్ క్రమశిక్షణ గల చావు, దానికి శక్తి కావాలి. కణంలో ఆ శక్తినిచ్చే ఏటీపీ నిల్వ ఉంటేనే కాస్పేజ్‌ల దాకా కథ నడుస్తుంది. రక్తనాళం మూసుకుపోయి ఏటీపీ అడుగంటితే కణం ఉబ్బి పగిలిపోతుంది. అది నెక్రోసిస్. కండరంలో ఏటీపీని 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి కనిపెట్టినవాడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమాన్ కూడా విడిగా కనిపెట్టాడు. కణం ఏ దారిన చావాలో ఏటీపీయే నిర్ణయిస్తుందని అప్పటికి ఎవరికీ తెలియదు.

ఇక వెతికే పద్ధతి. ఒక మామూలు ప్రయోగాన్ని తీసుకుందాం. మన దేశపు ఫార్మకాలజీ పత్రికల్లో తరచూ కనిపించేదే: ఎలుకలకు డాక్సోరూబిసిన్ అనే క్యాన్సర్ మందు ఇచ్చి గుండెను దెబ్బతీయడం, కొన్నిటికి ఏదో మొక్క సారం కూడా పట్టడం, చివర్లో బ్యాక్స్, బీసీఎల్-2, కాస్పేజ్-3 చూసి మొక్క గుండెను కాపాడిందని చెప్పడం. మొక్క గుండెను కాపాడలేదని చెప్పే పత్రం అచ్చులో కనిపించడం మాత్రం అరుదు.

గుండె తీయగానే ఉప్పునీటితో లోపలి రక్తమంతా కడగాలి. ఎందుకో తరువాత తెలుస్తుంది. ఆ వెంటనే మైనస్ 196 డిగ్రీల ద్రవ నత్రజనిలో వేసి గడ్డకట్టించాలి. తరువాత డిటర్జెంట్ ద్రావణంలో వేసి హోమోజెనైజర్‌తో మెదపాలి. ద్రావణంలో ప్రోటీయేజ్ ఇన్‌హిబిటర్లు కలపడం మరిచిపోతే, పగిలిన కణాల్లోని ఎంజైములు కనిపించిన ప్రోటీన్‌నల్లా నమిలేస్తాయి. అప్పుడు కనపడే ముక్కలు ఎలుక బతికుండగా తెగినవో, గాజుగొట్టంలో తెగినవో చెప్పడానికి ఉండదు. ప్రతి నమూనాలో ప్రోటీన్ ఎంతుందో కొలిచి, ఎస్‌డీఎస్ అనే డిటర్జెంట్ కలిపి మరగబెట్టి, జెల్ మీద ఎక్కించి కరెంటు పెడతారు. చిన్న ప్రోటీన్లు ముందుకు, పెద్దవి వెనక్కి. లెమ్లీ 1970లో స్థిరపరిచిన పద్ధతి, నేటికీ పెద్దగా మారలేదు.

జెల్‌లో విడిపోయిన ప్రోటీన్లను అలాగే ఒక పలచని మెంబ్రేన్ మీదికి దింపే ఉపాయాన్ని 1979లో బాసెల్‌లో టౌబిన్ బృందం ప్రచురించింది. దానికి వెస్టర్న్ బ్లాట్ అన్న పేరు పెట్టినది సియాటిల్‌లో నీల్ బర్నెట్. మెంబ్రేన్ రంధ్రాలు సాధారణంగా 0.45 మైక్రాన్లు. కాస్పేజ్-3 తెగగా వచ్చే 17 కిలోడాల్టన్ల (ప్రోటీన్ల బరువు కొలత) చిన్న ముక్క అందులోంచి జారి అవతలికి పోగలదు, కాబట్టి 0.2 మైక్రాన్ల రకం వాడాలి. తెగిన కాస్పేజ్-3 మాకు కనిపించలేదనే వాళ్లలో కొందరి సమస్య గుండెలో కాక మెంబ్రేన్‌లో ఉంటుంది. వెతుకుతున్న ప్రోటీన్‌ను పట్టుకునే యాంటీబాడీ ఖాళీ జాగాల్లో అంటుకోకుండా ముందు ఏదైనా చవక ప్రోటీన్‌తో మెంబ్రేన్‌ను నింపాలి. లక్షల ఖరీదు చేసే పరికరాల నడుమ ఈ పని చేసేది వెన్న తీసిన పాలపొడి, ఐదు శాతం. ఆపైన మొదటి యాంటీబాడీ వేసి నాలుగు డిగ్రీల చలిలో రాత్రంతా ఊపుతూ ఉంచాలి. మర్నాడు దాన్ని పట్టుకునే రెండో యాంటీబాడీ. దానికి తగిలించిన ఎంజైము లూమినాల్‌తో కలిసి వెలుగు చిమ్ముతుంది. ఆ వెలుగును ఫిల్మ్ మీదో కెమెరాతోనో పట్టుకుంటే నల్లటి గీత. ఆ గీతనే బ్యాండ్ అంటారు.

తిప్పలన్నీ ఆ గీతను చదవడంలోనే ఉన్నాయి.

కాస్పేజ్-3నే తీసుకోండి. నిద్రలో ఉన్నప్పుడు అది 35 కిలోడాల్టన్ల దరిదాపుల్లో కనిపిస్తుంది. తెగి మేల్కొన్నాక 17, 12 ముక్కలవుతుంది. పై గీత ముదిరిందంటే కణం ఆ ప్రోటీన్‌ను ఎక్కువ తయారుచేసి పెట్టుకుందని మాత్రమే అర్థం. చావు జరుగుతోందనడానికి కింది గీత కావాలి. పై గీత ఒక్కటే చూపించి కాస్పేజ్-3 పెరిగింది, అపోప్టోసిస్ పెరిగింది అని రాసిన పత్రాలకు కొదవ లేదు. తోడు సాక్ష్యంగా పార్ప్ అనే ప్రోటీన్‌ను చూడవచ్చు. 116 కిలోడాల్టన్ల పార్ప్‌ను కాస్పేజ్-3 కోస్తే 89 ముక్క వస్తుంది. ఇవి రెండూ ఒకే మాట చెబితే నమ్మకం కుదురుతుంది.

బీసీఎల్-2ది మరో గొడవ. దాని బరువు 26 కిలోడాల్టన్లు. రక్తంలో సహజంగా ఉండే యాంటీబాడీలను మరగబెడితే 50 దగ్గర బరువు గొలుసు, 25 దగ్గర తేలిక గొలుసు విడిపోతాయి. చిట్టెలుక గుండె మీద చిట్టెలుకలో తయారైన యాంటీబాడీ వేస్తే, రెండో యాంటీబాడీకి తేడా తెలియదు, గుండెలో మిగిలిన రక్తపు యాంటీబాడీలను కూడా పట్టుకుంటుంది. 25 దగ్గర చక్కటి నల్ల గీత. పక్కనే 26 దగ్గర మనం వెతుకుతున్న ప్రోటీన్. రక్తం సరిగ్గా కడగని గుండెలో బీసీఎల్-2 అద్భుతంగా పెరిగినట్టు కనిపించే అవకాశం ఉంది.

బ్యాక్స్ విషయంలో మోతాదు కంటే చోటు ముఖ్యం. కణద్రవంలో కూర్చున్న బ్యాక్స్ ఎంతున్నా హాని చేయదు, మైటోకాండ్రియాకు చేరినదే చంపుతుంది. అందుచేత కణద్రవాన్ని, మైటోకాండ్రియాను వేరుచేసి రెండిటిలో విడివిడిగా చూడాలి. ఈ పనికి తాజా గుండె కావాలి. గడ్డకట్టించిన గుండెను కరిగిస్తే మైటోకాండ్రియా పొరలు వాటంతటవే చిట్లి సైటోక్రోమ్-సి కారిపోతుంది. ఆ చావు ఫ్రీజర్‌లో జరిగినది. చురుకైన బ్యాక్స్‌ను మాత్రమే గుర్తుపట్టే 6ఏ7 అనే యాంటీబాడీ ఉంది. కానీ ట్రైటాన్ లాంటి డిటర్జెంట్ తగిలితే నిద్రపోతున్న బ్యాక్స్ కూడా చురుకైన ఆకారం తెచ్చుకుంటుంది. అందుకని కాస్త మెత్తని చాప్స్ అనే డిటర్జెంట్ వాడతారు. ఇన్ని షరతులుండగా, మొత్తం బ్యాక్స్‌ను మొత్తం బీసీఎల్-2తో భాగించి వచ్చిన అంకెను చావు కొలమానంగా చూపించడం నాకు ఏనాడూ సంతృప్తినివ్వలేదు. రెండు వేర్వేరు యాంటీబాడీల వెలుగును ఒకదానితో ఒకటి భాగిస్తే వచ్చేది ఎలుకకూ ఎలుకకూ పోల్చుకోవడానికి పనికొస్తుందే తప్ప దానికంటూ సొంత విలువ లేదు.

జెల్ మీద ఒక్కో నమూనా నడిచే గాడులన్నిటిలో సమానంగా ప్రోటీన్ వేశామని నిరూపించడానికి ఆక్టిన్ లేదా జీఏపీడీహెచ్ గీతను కింద చూపిస్తారు. ఆక్సిజన్ తగ్గితే కణం జీఏపీడీహెచ్‌ను పెంచుకుంటుంది. ఆక్టిన్‌ను కాస్పేజ్‌లు కోయగలవు. చావు కొలిచే ప్రయోగంలో చావుతో మారే ప్రోటీన్‌ను తూకపురాయిగా పెట్టుకోవడమేమిటని అడగవచ్చు. మెంబ్రేన్ మొత్తానికి పాన్సో రంగు వేసి గాడిలోని ప్రోటీన్లన్నిటినీ కలిపి లెక్కగట్టడం ఇంతకంటే నయం.

ఇవన్నీ సరిచేసుకున్నాక కూడా ఒక ప్రశ్న మిగులుతుంది. చచ్చింది ఎవరు? గుండె పరిమాణంలో ముప్పాతిక వంతు కండర కణాలదే కానీ, తలలు లెక్కపెడితే వాటి వాటా మూడో వంతు చుట్టుపక్కలే. మిగిలినవి రక్తనాళాల గోడ కణాలు, ఫైబ్రోబ్లాస్టులు, రక్షక కణాలు. దెబ్బతిన్న గుండెలోకి న్యూట్రోఫిల్స్ అనే రక్షక కణాలు గుంపులుగా వచ్చి, పని ముగించుకుని అపోప్టోసిస్‌తో చావడం వాటి దినచర్య. గుండెనంతా మెదిపేశాక తెగిన కాస్పేజ్-3 ఎవరి ఇంట్లోదో చెప్పమనడం, పచ్చడి నూరేశాక ఏ కాయలో పురుగుందో చెప్పమన్నట్టే. పైగా లక్షకు ఇరవై కణాలే చస్తుంటే వాటి వాటా మొత్తం ప్రోటీన్‌లో 0.02 శాతం. ఆ లెక్కన దీర్ఘకాలపు గుండె జబ్బులో బ్లాట్ మీద 17 దగ్గర గీత కనీకనిపించకుండా ఉండాలి. దిట్టంగా, నిగనిగలాడుతూ కనిపిస్తే సంబరపడటానికి ముందు అనుమానించడం మేలు.

కాబట్టి కళ్లతో చూడక తప్పదు. గుండె పలచని పొరలను స్లైడు మీద పెట్టి, తెగిన కాస్పేజ్-3కి ఒక రంగు, కండర కణాన్ని గుర్తుపట్టే ట్రోపోనిన్‌కో ఆల్ఫా-ఆక్టినిన్‌కో మరో రంగు వేస్తారు. రెండూ ఒకే కణంలో కలిస్తేనే లెక్క. 1992లో వచ్చిన ట్యునెల్ పరీక్ష తెగిన డీఎన్ఏ కొసలకు రంగు వేస్తుంది. మొదట చెప్పిన రెండు పత్రాలూ ఆధారపడినది దీని మీదే. నెక్రోసిస్‌లోనూ డీఎన్ఏ తెగుతుంది, మరమ్మతు జరిగేటప్పుడూ కొసలు బయటపడతాయి, స్లైడు తయారుచేసేటప్పుడు ఎంజైము కాస్త ఎక్కువ సేపు ఉంచినా తెగుతుంది. డాక్సోరూబిసిన్ సంగతి చెప్పనే అక్కర్లేదు, దాని వృత్తే డీఎన్ఏను తెంపడం. ఆ మందు స్వయంగా ఎర్రగా మెరుస్తుంది కూడా, అదీ కేంద్రకంలో చేరి. ఎర్ర రంగులో చావును వెతికే వాళ్లకు చావు బదులు మందే కనిపించవచ్చు. ముసలి గుండెల్లో పేరుకునే లిపోఫుసిన్ అనే పసుపు రేణువులు అన్ని రంగుల్లోనూ మెరుస్తాయి.

ఎన్ని కణాలు లెక్కపెట్టాలన్నది ఎవరైనా వేసుకోగల లెక్క. లక్షకు ఇరవై ఉంటే, వెయ్యి కణాల్లో సగటున 0.2. అంటే వెయ్యి కణాలు చూసి ఆపేసేవాడికి చాలాసార్లు సున్నాయే వస్తుంది. కనీసం పది చావులు చూడాలంటే యాభై వేల కణాలు చూడాలి. ఒక స్లైడు మీద పది చోట్ల చూశామని రాసి ఊరుకునే పత్రాలను ఈ లెక్కతో చదవాలి.

కాస్పేజ్‌లు లేని చావులు వేరే ఉన్నాయి. నెక్రాప్టోసిస్‌లో ఎంఎల్‌కేఎల్ అనే ప్రోటీన్‌కు ఫాస్ఫేట్ తగిలి అది కణపు పొరకు చిల్లు పొడుస్తుంది. పైరాప్టోసిస్‌లో గాస్‌డెర్మిన్-డి తెగిన ముక్క అదే పని చేస్తుంది. 2012లో డిక్సన్, స్టాక్‌వెల్ వర్ణించిన ఫెరాప్టోసిస్‌లో ఇనుము, కొవ్వుల ఆక్సీకరణ. డాక్సోరూబిసిన్ గుండెలో వీటన్నిటి పాత్రా ఉందని ఎవరికి వారు పత్రాలు రాశారు. ఇక్కడ పాలపొడి కూడా అడ్డం తిరుగుతుంది. పాలలోని కేసిన్ నిండా ఫాస్ఫేట్లే, ఫాస్ఫేట్‌ను వెతికే యాంటీబాడీ దాని మీద కూడా వాలే ప్రమాదం ఉంది.

ఇంత కష్టపడి తీసిన గీతలను కొందరు తేలికైన దారిలో సంపాదిస్తారు. ఎలిజబెత్ బిక్, ఇద్దరు సహచరులు 20,621 పత్రాల్లోని బొమ్మలను ఒక్కొక్కటిగా చూసి, 3.8 శాతం పత్రాల్లో ఒకే బొమ్మను మళ్లీ వాడటం లాంటి తేడాలున్నాయని 2016లో ప్రచురించారు. బ్లాట్ల వంతు అందులో పెద్దదే. ఒక గీతను పక్కకు తిప్పితే వేరే ప్రోటీన్ అయిపోతుంది కదా. కత్తిరించిన సన్నపు పట్టీ బదులు మెంబ్రేన్ మొత్తం చూపమని పత్రికలు ఇప్పుడు అడగడం వెనక ఇలాంటి బాగోతాలున్నాయి.

బతికున్న మనిషి గుండెలో ఈ పని ఇంకా కష్టం. బయాప్సీలో వచ్చే ముక్క ఒకటి రెండు మిల్లీమీటర్లు. 2000లో నెదర్లాండ్స్ వైద్యులు గుండెపోటు వచ్చిన ఏడుగురికి రేడియోధార్మికత తగిలించిన అనెక్సిన్ అనే ప్రోటీన్ ఎక్కించి, అది అంటుకున్న చస్తున్న కణాలను స్కాన్‌లో చూడగలిగారు. కానీ పగిలిన కణం కూడా అనెక్సిన్‌ను పట్టుకుంటుంది. ఆ పరీక్ష ఆస్పత్రుల్లో రోజువారీ వాడకంలోకి రాలేదు. ఛాతీ నొప్పితో వచ్చినవాళ్లకు మన జిల్లా కేంద్రాల్లోనూ చేసేది ట్రోపోనిన్ పరీక్ష. కండర కణం దెబ్బతిని లోపలి సరుకు రక్తంలోకి వచ్చిందని అది కచ్చితంగా చెబుతుంది, ఏ రకం చావో చెప్పదు.

రకం తెలిస్తే ఆపవచ్చన్న ఆశ ఇప్పటికి అంతగా ఫలించలేదు. మైటోకాండ్రియాలో చావు ద్వారం తెరుచుకోకుండా సైక్లోస్పోరిన్ అనే మందు ఆపుతుందన్న ఆశతో ఇస్తే, 2008లో 58 మంది గుండెపోటు రోగుల్లో మంచి ఫలితం వచ్చింది. 2015లో 970 మందిలో మళ్లీ చూస్తే ప్రయోజనం కనపడలేదు. డాక్సోరూబిసిన్ నుంచి గుండెను కాపాడటానికి అమెరికాలో అనుమతి పొందిన మందు డెక్స్‌రాజోక్సేన్ మాత్రం 1995 నుంచీ ఉంది. ఇనుమును బంధించడం వల్ల పనిచేస్తోందని అప్పట్లో అనుకున్నారు. 2012లో టెక్సాస్‌లో ఎడ్వర్డ్ యే బృందం, గుండె కండరంలో టోపోఐసోమరేజ్-2 బీటా అనే ప్రోటీన్‌ను తీసేసిన ఎలుకలకు డాక్సోరూబిసిన్ హాని బాగా తగ్గిందని చూపించింది. డెక్స్‌రాజోక్సేన్ ఆ ప్రోటీన్‌నే తగ్గిస్తుంది. ఇప్పుడు అది కూడా బ్లాట్లు తీసేవాళ్ల జాబితాలో చేరింది. బరువు 180 కిలోడాల్టన్ల దరిదాపు, కాబట్టి రక్తపు యాంటీబాడీల గీతలతో తగువు లేదు.